ఏనుగుగెడ్డ దొర లేచిన రోజు

ఈ కథ మొట్టమొదట చెప్పింది బొండ్లవలస ఎర్రమ్మ. కొమ్ము దాలయ్యకు స్వయానా కోడలు. మామగారికి అన్నం వడ్డిస్తూ ఆయన నోటనే విన్నది, విన్నది విన్నట్టు చెప్పింది. ఆ తరవాత ఈ కథను చాలామంది చెప్పారు. సంతలో చెప్పారు, రైల్లో చెప్పారు, భుజాన కండువా వేసుకుని సభల్లో కూడా చెప్పారు. ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పారు. ఎర్రమ్మ చెప్పింది మాత్రం ఇది.

రైలు కూత వినపడనంత దూరంలో, కొండల నడుమ, ఏనుగుగెడ్డ అని ఒక సంస్థానం ఉండేది. పన్నెండు కొండ ముఠాలు, ముఠాకు పదేసి ఊళ్లు. వాటన్నిటికీ దొర ముకుంద నరేంద్ర దేవు. మనిషి ఆరడుగులు. మీసం చెవులదాకా. పదహారో ఏట ఎలుగుబంటిని బల్లెంతో కొట్టినవాడు, ఇరవయ్యో ఏట గద్దె ఎక్కినవాడు. మంచివాడే. కాకపోతే తనంతటివాడు ఇంకొకడు లేడని ఆయన నమ్మకం. అది తప్పని చెప్పే మనిషి ఆ పన్నెండు ముఠాల్లో లేడు.

దాలయ్య ఆ దొర ముందు కొమ్ముబూర ఊదేవాడు. దొర కోట దాటితే దాలయ్య పది అడుగులు ముందు నడవాలి, కొమ్ము ఊదాలి. తండ్రి ఊదాడు, తాత ఊదాడు. పొట్టివాడు, మాట తక్కువ. చూసినదాన్ని మరిచిపోయేవాడు కాదు.

ఆ వంశానికి ఒక కట్టుబాటు ఉంది. దొర గద్దె మీద కూర్చుని మాట్లాడతాడు. వినేవాళ్లు కింద నిలబడి వింటారు. దొర కూర్చున్న చోట ఇంకొకరు కూర్చోరాదు. దొరకంటే ఎత్తున అసలే ఉండరాదు. దొర మాట మధ్యలో లేచాడంటే తగువు ముదిరిందని అర్థం. లేచిన దొర ఆ తగువు తేలేదాకా మళ్లీ కూర్చోడు. ఈయన తాతగారు ఒకసారి పొలిమేర రాయి దగ్గర లేచి, ఆ పగలు, ఆ రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా నిలబడే ఉన్నాడట. చివరికి పక్క సంస్థానం వాళ్లే విసుగెత్తి రాయి వెనక్కి జరుపుకున్నారు.

ఇలా ఉండగా పట్నంలో శాసనసభ వచ్చింది. కొండల తరఫున ఒక మెంబరు కావాలన్నారు. దివాను భావనారాయణ పంతులు వచ్చి, ప్రభువులు ఎన్నికలో నిలబడాలని విన్నవించాడు. మా వంశంలో నిలబడే అలవాటు లేదన్నాడు దొర. పంతులు తల గోక్కుని, ఏలినవారు కూర్చునే నిలబడవచ్చునని సర్దిచెప్పాడు. అలాగే జరిగింది. దొర గద్దె మీద కూర్చునే ఉన్నాడు, పన్నెండు ముఠాలూ ఓట్లు వేసి వచ్చాయి. ఎదురు పోటీ చేసినాయనకు ఆయన ఓటు ఒక్కటే పడింది. ఆయన భార్య కూడా దొరకే వేసింది.

సభలో మొదటి రోజే చిక్కొచ్చింది. దొర కుర్చీలో కూర్చునే నోరు విప్పాడు. సభాపతి ఆపి, గౌరవ సభ్యులు లేచి మాట్లాడాలి, ఇక్కడి పద్ధతి అది అన్నాడు.

“మా పద్ధతి వేరు. మాట్లాడేవాడు కూర్చుంటాడు, వినేవాళ్లు లేస్తారు. మీరంతా లేవండి” అన్నాడు దొర.

సభంతా నవ్వింది. అంతే, దొర మళ్లీ నోరు తెరవలేదు. రెండేళ్లు తెరవలేదు. కొందరు మూడేళ్లంటారు, తప్పు. రెండేళ్లే. సభ జరిగినన్నాళ్లూ వెళ్లేవాడు, మీసం తిప్పుకుంటూ కూర్చునేవాడు, వచ్చేసేవాడు. పత్రికలవాళ్లు కుర్చీ దొర అని పేరు పెట్టారు. ప్రభువుల మౌనమే సభకు అలంకారమని పంతులు చెబుతూ వచ్చాడు. దొర మౌనంగా ఉంటే ఊళ్లో పెత్తనం పంతులుదే కదా మరి.

రెండో ఏడు మాఘమాసంలో అడవి చట్టం అని ఒకటి సభకు వచ్చింది. అడవిలో ఉన్న ప్రతి చెట్టూ, చెట్టు మీది ప్రతి కాయా సర్కారువని అందులో రాశారు. ఏరుకునే హక్కు వేలం పాడుకున్న కంట్రాక్టరుదట. చింతచెట్లు కూడా అందులోకే వస్తాయి.

దాలయ్య ఊరు బొండ్లవలస. నలభై గడపలు. రాతి నేల, వరి పండదు. ఆ ఊరు చింతపండు మీద బతుకుతుంది. కాయ దులిపి, పెచ్చు తీసి, గింజ తీసి, సంతకు మోస్తే ఉప్పు వస్తుంది, బియ్యం వస్తుంది, గుడ్డ వస్తుంది. చట్టం అయిపోతే వచ్చే నెల కాయ రాలే వేళకు కంచె పడుతుంది. కంచె పడితే నలభై గడపలూ మూటలు కట్టుకోవాలి. ఊరివాళ్లు దాలయ్యను పట్టుకున్నారు. దొరకు పది అడుగుల దూరంలో నడిచే మనిషివి, నువ్వు అడక్కపోతే ఎవరడుగుతారు అన్నారు.

పట్నంలో దొర బస చేసిన మేడలో దాలయ్య ఆయన ముందు నిలబడ్డాడు. సంగతంతా చెప్పాడు. సభలో లేచి ఒక్క మాట అనమని వేడుకున్నాడు. దొర చాలాసేపు మీసం తిప్పాడు. చింతచెట్ల మాట ఆయనకూ కష్టంగానే ఉంది. కానీ పదిమంది ఎదట, లే అంటే లేచినవాడని పేరు పడుతుందే.

“నువ్వు లేవమంటే లేస్తానటరా? నన్ను లేపేవాడు ఇంకా పుట్టలేదు” అన్నాడు.

“పుట్టి ఉంటే, బాబూ?” అన్నాడు దాలయ్య మెల్లగా.

దొరకు వేడుక పుట్టింది. లేపితే అడిగింది ఇస్తానన్నాడు. లేపలేకపోతే కొమ్ము అక్కడే పెట్టి ఇంటికి నడవాలన్నాడు. పక్కనున్న పంతులు ఊరుకుంటాడా? షరతులు అందించాడు. వీడు సభలో నోరెత్తకూడదు, ప్రభువులను ముట్టకూడదు, ఆ కొమ్ము ఊదకూడదు. మూడింటికీ దాలయ్య చిత్తం అన్నాడు.

మర్నాడు సభ గుమ్మం దగ్గర, దొరగారి జోళ్ల పక్కన కూర్చుని దాలయ్య ఆలోచించాడు. నోరెత్తకుండా, ముట్టకుండా, ఊదకుండా మనిషిని లేపడం ఎట్లా? అంతలో మెట్ల మీదుగా నలుగురు పైకి వెళ్లడం చూశాడు. ఎవరు వీళ్లు అని గుమ్మం బంట్రోతును అడిగాడు. ఆ బంట్రోతుది పాలకొండ వైపు, మాట కలిసింది. వాళ్లు సభ చూడవచ్చిన జనమట. పైన మేడ మీద బల్లలుంటాయట, అక్కడ కూర్చుని కిందికి చూస్తారట. కాకపోతే మెంబరు సంతకం చేసిన చీటీ ఉండాలట.

“మా దొరగారు కూకున్న సోటికి ఎదురుగా కూడా ఉంటాదా బల్ల?” అన్నాడు దాలయ్య.

“సరిగ్గా ఎదురుగా ఉంది. ముందు వరస” అన్నాడు బంట్రోతు.

దాలయ్య ఇంకేమీ అడగలేదు. ఆ బంట్రోతు చేతనే ఒక చీటీ రాయించుకున్నాడు.

ఏనుగుగెడ్డ దొరలు కాగితం చదివి సంతకం చేయరు. చదవడం దివాను పని, సంతకం దొర పని. పొద్దున్నే పంతులు కట్ట తెచ్చి పెడతాడు, దొర వరసగా గీకేస్తాడు. మూడో రోజు, ఓట్లు అడగవలసిన రోజు పొద్దున, కట్టలో దాలయ్య దూర్చిన చీటీ కూడా ఉంది. దొర దాని మీదా గీకేశాడు. పంతులు సిరా మీద ఇసుక చల్లి ఆరబెట్టాడు కూడా.

సభ దగ్గర, పైకెళ్లే మెట్ల మొదట్లో దాలయ్యను ఆపారు. గొడుగులూ కర్రలూ పైకి పట్టుకెళ్లకూడదు. కొమ్ము గొడుగా, కర్రా అని కొంత చర్చ జరిగింది. దాలయ్య కొమ్ము వాళ్లకే అప్పజెప్పి, ఎర్ర తలపాగా సరిచేసుకుని, పైకెక్కి ముందు వరసలో కూర్చున్నాడు.

పుట్టిన తరవాత దొర ఎదట కూర్చోవడం అదే మొదలు. లేచి కిందికి దిగిపోదామనుకున్నాడు. ఎర్రమ్మతో ఆ మాట ఆయనే చెప్పాడు, దాచలేదు. బొండ్లవలసను తలుచుకుని కాలుమీద కాలు వేశాడు.

కింద సభలో మంత్రిగారు నిలబడి చట్టం చివరి పుట చదువుతున్నాడు. సగంమంది ఆవలిస్తున్నారు. ఇంకో రెండు ముక్కలు చదివితే ఓట్లు అడుగుతారు, అయిపోతుంది. దొర మీసం తిప్పుకుంటూ తల ఎత్తాడు.

ఎత్తున, తన కళ్లకు ఎదురుగా, ఎర్ర తలపాగా. తన కొమ్ముకాడు. కూర్చుని ఉన్నాడు. కాలు ఊపుతున్నాడు. బొడ్లోంచి వేయించిన చింతపిక్క తీసి నోట్లో వేసుకుని, పటుక్కున కొరికాడు.

దొర మొహం కందగడ్డ అయింది. ఒక్క ఉదుటున లేచాడు. చెయ్యి చాచి ఉరిమాడు.

“చాల్లే, దిగు!”

మంత్రిగారు సరిగ్గా ఆ చేతికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, ఆ గొంతు. తనను కాదని ఆయనకెలా తెలుస్తుంది? కాగితం పట్టుకుని టక్కున కూర్చున్నాడు.

పైన దాలయ్య దొర లేవగానే తానూ లేచి, తలపాగా తీసి, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. అంత వినయంగా నిలబడ్డ మనిషిని ఏమని తిడతారు?

సభాపతి కళ్లజోడు సర్దుకున్నాడు. “ఏనుగుగెడ్డ గౌరవ సభ్యులు లేచారు. మాట్లాడవచ్చు” అన్నాడు.

సభంతా అటు తిరిగింది. అప్పుడు తెలిసింది దొరకు తాను నిలబడి ఉన్నానని. వంశం కట్టుబాటు ప్రకారం తగువు తేలకుండా కూర్చోడానికి లేదు. ఏం తగువు? కొమ్ముకాడు కూర్చున్నాడన్న తగువు తీరిపోయింది, వాడు నిలబడే ఉన్నాడు. ఇక మిగిలింది మంత్రిగారి చేతిలోని కాగితం.

దొర గొంతు సవరించుకున్నాడు. గద్దె మీద తగువు తీర్చే గొంతుతో మొదలుపెట్టాడు. ఈ చట్టం రాసినాయన ఎప్పుడైనా చింతచెట్టు ఎక్కాడా అని అడిగాడు. చింతకొమ్మ ఎంత బరువు ఆపుతుందో ఆయనకు తెలుసా అన్నాడు. బొండ్లవలసలో ఏ చెట్టు ఎవరి ముత్తాత నాటాడో పేరు పేరునా చెప్పాడు. ఆ పేర్లన్నీ ఆయనకు వచ్చు. ఆ ఊరి తగువులు ముప్పై ఏళ్లు విన్నవాడు మరి. ఆవలించేవాళ్లు నోళ్లు మూసుకున్నారు. పత్రికలవాళ్లు పెన్సిళ్లు వెతుక్కున్నారు.

అరగంటయ్యాక సభాపతి, గౌరవ సభ్యుల సమయం అయిపోయింది, దయచేసి కూర్చోండి అన్నాడు.

“తగువు తేలలేదు. కూర్చోను” అన్నాడు దొర.

సభాపతి రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పాడు. పుస్తకాలు తిరగేశాడు. లేచి మాట్లాడనివాణ్ణి ఏం చేయాలో పుస్తకంలో ఉంది కానీ, మాట్లాడటం అయిపోయాక కూర్చోనివాణ్ణి ఏం చేయాలో లేదు. ఎత్తి కూర్చోబెట్టాలంటే నలుగురు కావాలి. ఎలుగుబంటి కథ ఆ నలుగురూ విని ఉన్నారు. మధ్యాహ్నం సభ భోజనాలకు లేచింది. తిని వచ్చి చూస్తే దొర అక్కడే, అలాగే నిలబడి ఉన్నాడు. మంచినీళ్లు కూడా తాగలేదు. పైన దాలయ్య కూడా అలాగే ఉన్నాడు. నాలుగు గంటలకు మంత్రిగారు లేచి, చింతచెట్ల మాట చట్టంలోంచి తీసేస్తున్నామని చెప్పి, ఆ వాక్యం మీద అడ్డగీత కొట్టి అందరికీ చూపించాడు.

దొర మీసం తిప్పి కూర్చున్నాడు. చప్పట్లు బయట రోడ్డుదాకా వినపడ్డాయట.

సాయంత్రం బసలో దాలయ్యను పిలిపించారు. పంతులు ముందే అందుకున్నాడు. ఏలినవారి ఎదట, ఏలినవారికంటే ఎత్తున, కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నవాడికి శిక్ష పడవలసిందే అన్నాడు.

“నిజమేనటరా? ఎవడిచ్చాడు నీకంత ధైర్యం?” అన్నాడు దొర.

దాలయ్య తలపాగా మడతలోంచి చీటీ తీసి రెండు చేతులా అందించాడు. “తమరే బాబూ. ఈ మనిషిని మేడ మీద కూకోబెట్టమని తమరి సేవ్రాలు. కూకోకపోతే దొరగారి మాట మీరినోడినైపోనా?”

దొర చీటీ చూశాడు. సంతకం తనదే. ఇసుక కూడా ఇంకా అంటుకుని ఉంది. పంతులు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

“సరే. కాలుమీద కాలు వేయమని కూడా రాశానా?”

“బల్ల ఇరుకు, బాబూ.”

దొర నవ్వాడు. ముందు మీసం కింద నవ్వాడు, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. వీడు నోరెత్తలేదు, నన్ను ముట్టలేదు, కొమ్ము ఊదలేదు, ఉత్తగా కూర్చుని నన్ను లేపాడయ్యా పంతులూ అని మళ్లీ మళ్లీ చెప్పుకుని నవ్వాడు. కొమ్ముకు వెండి కట్లు వేయించమన్నాడు. తన భుజం మీది పట్టు శాలువ తీసి కప్పాడు. ఇక నీ కోరిక అడగమన్నాడు.

దాలయ్య పొలం అడగలేదు, ఇల్లు అడగలేదు. “ఇకమీదట తమరు ఏ కాగితమైనా సదివించుకుని సంతకం సెయ్యండి బాబూ. ఈ సీటీ పెట్టినోడిని నాను కాబట్టి సరిపోయింది” అన్నాడు.

దొర నవ్వు ఆగింది. పంతులు వైపు ఒకసారి చూశాడు. అలాగేనని మాటిచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం బతికినన్నాళ్లూ ప్రతి కాగితమూ ఇద్దరి చేత చదివించుకున్నాడు. సభలో ఇంకో పద్నాలుగేళ్లు ఉన్నాడు, లేచినప్పుడల్లా మంత్రులు ముందే కాగితాలు సర్దుకునేవారు. పంతులు పెత్తనం మాత్రం ఆ సాయంత్రంతో సరి.

ఆ కోపం పంతులు పోయేదాకా పోలేదు. ముసలితనంలో ఆయన సంస్థానం చరిత్ర అని ఒక పుస్తకం అచ్చు వేయించాడు. నలభై రెండో పుటలో, దివాను హితబోధ వల్ల ప్రభువులు లేచి ప్రసంగించారని రాసుకున్నాడు. ఆ రోజు మేడ మీద సేవకుడొకడు నిద్రపోయాడని కూడా రాశాడు. పేరు రాయలేదు.

ఆ పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారని విన్నాం. వేసేది పంతులు మనవలైనా సరే, మరొకరైనా సరే, అక్షరం వచ్చినవాళ్లు ఆ పుట దిద్దండి. అతని పేరు కొమ్ము దాలయ్య, ఊరు బొండ్లవలస. అతను నిద్రపోలేదు. కూర్చున్నాడు. అలా రాయండి.