మైలమ గోడ

పూర్వం కొండవాగుల నడుమ చిన్న రాజ్యమొకటి ఉండేది. దాన్ని మహీధర మల్లుడనే రాజు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గాని, రాజుగారి గొప్పలు మాత్రం పొలిమేరలు దాటిపోయేవి.

ఆయన కొత్తగా సభామండపం కట్టించి, చిత్రకారిణి మైలమను పిలిపించాడు.

"ఈ గోడ నూరు మూరలు. దీనిమీద మా ఏడు తరాల చరిత్ర బొమ్మలుగా గీయాలి. ఒక్క యుద్ధం, ఒక్క దానం, ఒక్క పెళ్ళి వదలకూడదు" అన్నాడు.

మైలమ చేయి తిరిగిన మనిషి. తండ్రి పోయాక ఆయన కుంచెలతోనే పదేళ్ళుగా బతుకుతోంది. సరేనని రంగులు నూరుకుంది. కాని తెల్లటి గోడ ముందు నిలబడేసరికి చేయి లేవలేదు. ఒక రోజు కాదు, పద్దెనిమిది రోజులు. నూరిన రంగులు గిన్నెల్లోనే ఎండిపోయాయి.

రాజుకు కబురు అందింది. "రేపు సభ ముగిసేలోగా మొదటి గీత పడకపోతే కుంచెలు లాక్కుని పొలిమేర దాటించండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆస్థాన విదూషకుడు బేతన ఆమె దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఏమయింది తల్లీ?"

"కళ్ళు మూసుకుంటే ఏడు తరాలూ ఒక్కసారే మీద పడుతున్నాయండీ. ఎక్కడ మొదలుపెట్టినా తక్కినదంతా తప్పయిపోతుందేమోనని భయం. నాకు పని రాదేమో అనిపిస్తోంది" అంది మైలమ.

"రేపు సభకు కుంచె తెచ్చుకో" అని మాత్రం చెప్పి బేతన లేచాడు.

మర్నాడు సభలో బేతన చేతులు జోడించాడు. "ప్రభూ, ఈమెకు మీ చరిత్ర తెలియదు. తమరే ఒక్కసారి ఏడు తరాలూ చెప్పండి. ఏదీ వదలకుండా."

రాజు మీసం సవరించుకున్నాడు. "మా మూలపురుషుడు ఈ కోట కట్టించాడు..."

"అంతకుముందు అడవి నరికించింది వదిలేశారు ప్రభూ."

"అవును. అడవి నరికించి..."

"ఆయన పెళ్ళి అంతకన్నా ముందే కదా?"

రాజు వెనక్కి వెళ్ళాడు. పెళ్ళికి ముందు ఏదో యుద్ధం ఉంది, దానికి ముందు మరొకటి. నోరు తెరిచాడు, మూశాడు. సభంతా ఆయన వంకే చూస్తోంది. నుదుట చెమట పట్టింది. ఆ ముఖం మైలమకు తెలుసు. పద్దెనిమిది రోజులుగా తన ముఖమూ అదే.

"పోనీ ప్రభూ," బేతన గొంతు తగ్గించాడు, "మీకు బాగా గుర్తున్నది ఒక్కటి చెప్పండి."

రాజు నేలవంక చూస్తూ చెప్పాడు. "మా తాతగారికి చివరి రోజుల్లో చూపు పోయింది. పొద్దున్నే నా ముఖమంతా చేతులతో తడిమి, 'ఇవాళ ఇంకాస్త పెరిగావురా' అనేవారు."

మైలమ లేచి గోడ దగ్గరికి నడిచింది. ఎవరినీ అడగలేదు. గోడ నడుమ రెండు ముడతలు పడ్డ చేతులు గీసింది. వాటి మధ్య ఒక పసివాడి ముఖం.

రాజు సింహాసనం దిగి వచ్చి ఆ చేతుల ముందు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి నవ్వాడు.

"బేతనా, నేను ఘడియసేపు మోయలేనిది ఈమెతో మోయించి, పైగా శిక్ష కూడా వేశాను. నన్ను ఈమె చోట బాగానే కూర్చోబెట్టావు" అని తన శాలువ తీసి అతనికి కప్పాడు. మైలమను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఎప్పటికి అవుతుందని ఎవరూ అడగకూడదు ప్రభూ. రోజూ పొద్దున తమరు వచ్చి ఒక్క సంగతి చెప్పండి. చాలు."

రాజు ఒప్పుకున్నాడు. ఆ గోడ నిండడానికి ఆరేళ్ళు పట్టింది. యుద్ధాలు అందులో మూడే ఉన్నాయట.