గురవమ్మ సాక్షి

రాళ్ళింకా మెత్తగా ఉన్న కాలమట. చీటీలూ ముద్రలూ లేక, మనిషికి మనిషి మాటే పూచీగా నడిచిన కాలమట. ఊఁ కొడుతూ వినండి. కునుకు తీసేవాళ్ళకి కథ సగమే దక్కుతుంది.

ఆ కాలంలో మెట్టసీమలో మౌనాచారి అనే వడ్రంగి ఉండేవాడు. పేరులోనే మౌనం, నోటికి మాత్రం మూత లేదు. చింతమాను తొలిచి నూనెగానుగలు చేసేవాడు. ఆయన చేసిన గానుగ తిరిగినన్నాళ్ళు ఆయన ఎవరికీ గుర్తొచ్చేవాడు కాదు. ఆగిందో, కర్ర పుచ్చుకుని మరీ వచ్చేవాళ్ళు.

అలా వచ్చినవాళ్ళకి ముందు ఎదురయ్యేది గురవమ్మ. మొగుడు పోయిన మనిషి, వెనకాముందూ ఎవరూ లేరు. కొట్టం ముందు చాప వేసుకుని కూర్చునేది. ఉలి పట్టడం ఆమెకు రాదు. కొన్నవాళ్ళ గోడు వినడమే ఆమె పని.

ఎవరెంత అరుస్తూ వచ్చినా ఆమె ఒక్కటే అనేది. "ముందు కూచోండయ్యా. మంచినీళ్ళు తాగండి. ఆనక తిట్టండి."

వాళ్ళు కూర్చునేవాళ్ళు, తాగేవాళ్ళు, తిట్టేవాళ్ళు. ఆమె మధ్యలో అడ్డు తగిలేది కాదు. తిట్లన్నీ అయ్యాక మూడు మాటలడిగేది. గానుగ రోలుకు నూనె పట్టించారా? గింజ మీద నీళ్ళు చిలకరించారా? ఎద్దు కడుపునిండా మేసిందా? నూటికి తొంభైమంది గానుగలు ఆ మూడింటితోనే మళ్ళీ తిరిగేవి. మిగిలినవాటి గురించి, "నాకు తెలవదయ్యా, ఆచారిగారిని అడిగొస్తా," అని లేచేది. తెలియనిదాన్ని తెలుసని ఏనాడూ అనలేదు.

తిట్టేవాళ్ళలో చెంచయ్యను మించినవాడు లేడు. చుట్టు ఏడూళ్ళలో ఆయన నోటికి జడవని వాడు లేడు. కన్నతల్లి వండిన పులుసునైనా బాగుందని అని ఎరగడు. మూడుసార్లు గానుగ ఆగింది, మూడుసార్లూ వచ్చి గురవమ్మను దులిపేశాడు. మూడుసార్లూ ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది, అంతా వింది, ఆయన వెంట ఆమడదూరం నడిచి వెళ్ళి గానుగ తిప్పించి వచ్చింది. అక్కడ ఏం జరిగిందో మౌనాచారికి ఎప్పుడూ చెప్పలేదు.

ఇలా ఇరవై ఏళ్ళు గడిచాయి. మౌనాచారికి చేతులు వణకడం మొదలైంది. ఉలి ఒకచోట పెడితే దెబ్బ ఇంకోచోట పడుతోంది. చేసేది లేక కొట్టం మూసేశాడు. ఆయనకు నాలుగు మడిచెక్కలున్నాయి, గంజికి లోటు లేదు. గురవమ్మకు ఏముంది? కూలికి పోదామంటే నడుం వంగదు.

"మా ఇంట్లోనే తిను గురవమ్మా, నీకొక ముద్ద పెట్టడం మాకు బరువా?" అన్నాడు మౌనాచారి.

"పని చెయ్యకుండా తింటే ముద్ద గొంతు దిగదు ఆచారిగారూ. ఎక్కడన్నా ఇట్టాంటి పనే ఉంటే ఒక మాట చెప్పండి. వానలు పడేలోపు దొరక్కపోతే ఇంక అడుక్కు తినడమే."

ఆ మాట మౌనాచారి గుండెలో ముల్లులా దిగింది. ఇరవై ఏళ్ళు తన మీద పడాల్సిన తిట్లన్నీ ఈ మనిషే కాచుకుంది. తాను నిశ్చింతగా ఉలి ఆడించింది ఆమె చాప చాటునే. "నేను చెప్తాగా! నా మాట కాదనేదెవరు?" అని ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

మొదట మగ్గాలు చేసేవాడి దగ్గరికి వెళ్ళారు. "ఈమె మేలిమి బంగారం! కళ్ళకద్దుకుని పెట్టుకో," అన్నాడు మౌనాచారి.

మగ్గాలవాడు నవ్వాడు. "మీ బావమరిదినీ మేలిమి బంగారమనే అన్నావు. మూడోనాటికే పరారయ్యాడు. వద్దులే పెద్దాయనా."

తర్వాత సత్రానికి వెళ్ళారు. "ఈమె మేలిమి బంగారం! కళ్ళకద్దుకుని పెట్టుకో."

సత్రంవాడు దండం పెట్టాడు. "మీ మేనల్లుడూ మేలిమి బంగారమే కదయ్యా. బాటసారులకన్నా ముందు తిని, వాళ్ళ చాపల మీదే పడుకునేవాడు. ఒకసారి అద్దుకున్న కళ్ళు ఇంకా మండుతున్నాయి."

ఆఖరికి బండ్లు చేయించే హనుమాయమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆమె బండ్లు కొన్నవాళ్ళు ఇరుసు విరిగిందనీ చక్రం ఊడిందనీ రోజూ వచ్చి వాకిట్లో గోల పెడుతున్నారు. గురవమ్మలాంటి మనిషి ఆమెకు నిజంగానే కావాలి. మౌనాచారి గొంతు సవరించుకున్నాడు. "ఈమె మేలిమి..."

"ఆపు ఆచారీ," అంది హనుమాయమ్మ. "మీ తోడల్లుడి గురించీ ఇదే మాట చెప్పావు. కొన్నవాళ్ళనే కొట్టబోయాడు. అందరినీ ఒకే తక్కెడలో తూస్తివి, నీ తూకం ఎట్టా నమ్మమంటావు?"

మౌనాచారి ముఖం మాడిపోయింది. తన వాళ్ళనీ అడ్డమైన వాళ్ళనీ పొగిడి పొగిడి, తీరా పొగడాల్సిన మనిషి వచ్చేసరికి ఆయన దగ్గర పనికొచ్చే మాట ఒక్కటీ మిగల్లేదు. దారిలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నీ కూడు నేనే పడగొట్టాను తల్లీ," అన్నాడు.

"పోనీండి ఆచారిగారూ. నా కోసం ఇంత ఎండలో తిరిగారు, అదే చాలు," అంది గురవమ్మ. ఆమె ముఖంలో కోపం వెతికినా లేదు. దాంతో ఆయనకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. నా పొగడ్తకు విలువ లేదు, సరే. ఎవరి మాటకు విలువుంటుంది? జన్మలో ఎవరినీ మెచ్చుకోనివాడి మాటకు. కర్ర ఊతంగా ఆమడదూరం నడిచి చెంచయ్య గడప ముందు నిలబడ్డాడు.

"ఏందయ్యా దొంగాచారీ, ఇట్టా వచ్చావు?" అన్నాడు చెంచయ్య.

మౌనాచారి సంగతంతా చెప్పాడు. అడుక్కు తినడమే అన్న గురవమ్మ మాట కూడా చెప్పాడు. చెంచయ్య ఒక్క తిట్టూ తిట్టలేదు. లేచి కండువా భుజాన వేసుకున్నాడు.

హనుమాయమ్మ వాకిట్లో ఆ రోజూ జనం గోల పెడుతున్నారు. చెంచయ్యను చూసి అందరూ సర్దుకున్నారు. మౌనాచారి గురవమ్మను పిలుచుకొచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. పుట్టాక మొదటిసారి నోరు మూసుకుని నిలబడ్డాడు.

"హనుమాయమ్మా, ఈమెను నేను మూడుసార్లు తిట్టా," అన్నాడు చెంచయ్య. "మొదటిసారి రోలు బీటిచ్చిందని తిట్టా. నూనె పట్టించకుండా ఎండలో పెట్టింది నేను. రెండోసారి నూనె దిగటంలేదని తిట్టా. గింజ మీద నీళ్ళు చల్లనిది నేను. మూడోసారి గానుగ కదలటంలేదని తిట్టా. ఎద్దును పస్తుంచింది నేను. మూడుసార్లూ తప్పు నాదే. ఆ సంగతి ఈమె నాకు చెప్పింది, నా చెవిలో చెప్పింది. నలుగురిలో ఒక్కసారీ అనలేదు. ఇయాళ నలుగురిలో నేనే చెప్తన్నా."

ఎవరి ముందూ తలవంచని మనిషి గురవమ్మ ముందు తలవంచాడు.

"ఇంకోటి కూడా విను," అన్నాడు మళ్ళీ. "ఈమెకు తొందర తెలవదు. ఒకడి గోడు తీరేదాకా రెండోవాడి ముఖం చూడదు. ఆగలేని పనయితే పెట్టుకోమాక."

హనుమాయమ్మ నవ్వింది. "మంచితోపాటు లోపమూ చెప్పావు, అందుకే నమ్ముతున్నా," అని తానే లోపలికి వెళ్ళి చాప తెచ్చి పరిచింది. గురవమ్మ కూర్చుంది. కొంగుతో కళ్ళొత్తుకుని, గోల పెడుతున్నవాళ్ళలో మొదటివాణ్ణి దగ్గరికి పిలిచింది.

ఆ చాప మీద ఆమె ఇంకో పదహారేళ్ళు కూర్చుందట. తన ముద్ద తానే సంపాదించుకుని తిందట. ఆమె పోయిన రోజున పాడె మోయడానికి కొడుకులు లేరు. కానీ భుజం పట్టడానికి ఎగబడ్డ మనుషులకు లెక్కలేదు. అందరూ ఆమెను ఎప్పుడో ఒకప్పుడు తిట్టినవాళ్ళే. ముందు కొమ్ము పట్టింది చెంచయ్య.

ఇప్పటికీ ఆ సీమలో మనిషిని కొత్తగా పనిలో పెట్టుకునేటప్పుడు, నిన్ను మెచ్చుకున్నది ఎవరని అడగరు. "నిన్ను తిట్టినవాడెవడు?" అని అడుగుతారు. ఎవరూ తిట్టలేదంటే, "అయితే నువ్వింకా పని మొదలుపెట్టలేదు నాయనా, వెళ్ళి చేసి రా," అంటారు. ఉన్నాడంటే, వాణ్ణి పిలిపించి పీట వేస్తారు, పెరుగన్నం పెడతారు. వాడు చెయ్యి కడుక్కుని, పని కోసం వచ్చిన మనిషి వైపు తిరిగి, నలుగురూ వినేలా చెబుతాడు: "గురవమ్మ సాక్షిగా చెప్తన్నా. ఆ రోజు తప్పు నాదే."