ఎడమ భుజం కొలత

అనగనగా అంటే ఊకొట్టేవాళ్లుంటే చెబుతాను, వినండి. సూదివరమని ఒక నగరం ఉండేది. ఆ ఊరి దర్జీలకు ఒక కట్టుబాటు ఉంది. గుడ్డను నడిమికి మడవనిదే కత్తెర పెట్టకూడదు. మడిచి కోస్తే రెండు పక్కలూ ఒక్కలాగే వస్తాయి, శ్రమా సగమే. అందుకే వాళ్లు ఎవరికైనా కుడి భుజం మాత్రమే కొలిచేవారు. ఎడమ భుజం గోడు ఎవరికీ పట్టేది కాదు.

ఆ ఊళ్లోనే పైడమ్మ ఇంటి దగ్గర కుట్టుపని చేసుకునేది. ఆమె భర్త అప్పన్న కావడి మోసేవాడు. ముప్పై ఏళ్లు మోసి మోసి అతని ఎడమ భుజం కిందికి దిగిపోయింది. ఏ అంగీ తొడిగినా ఆ పక్క జారేది. అది చూసి పైడమ్మ మనసు చివుక్కుమనేది. పాత చీరలు తీసి, మడవకుండానే కోసి చూసింది. మొదటి అంగీలో అప్పన్న తల పట్టలేదు. రెండోది కావడి ఎత్తగానే వీపు మీద పర్రున చిరిగింది. మూడోది ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. ఒంటికి ఒరుసుకోకూడదని కుట్లన్నీ పైకే వేసింది.

"ఏమే, నన్ను చూసి కుక్కలు మొరుగుతున్నాయి," అన్నాడు అప్పన్న.

"మొరిగితే మొరగనీ. భుజం జారిందా?"

అప్పన్న చెయ్యెత్తి చూసుకున్నాడు. "లేదు," అన్నాడు. మర్నాడు కూడా అదే తొడుక్కున్నాడు. దర్జీలు మాత్రం పడీ పడీ నవ్వారు.

అంతలో యువరాణి చారుశీలకు పట్టాభిషేకం నిశ్చయమైంది. ఆ దేశపు రాణి నిండు సభలో రెండు చేతులా ఖడ్గం పైకెత్తాలి. అప్పుడు అంగీ భుజం జారితే అపశకునమని కిరీటం పినతండ్రికి ఇచ్చేస్తారు. చిన్నప్పుడు గుర్రం మీది నుంచి పడి యువరాణి ఎడమ భుజం వంగిపోయింది.

ఒక దర్జీ అంగీలో దూది కూరాడు. చెయ్యెత్తగానే దూది మెడకెక్కింది. ఇంకొకడు తాళ్లతో బిగించాడు. ఊపిరాడలేదు. పెద్ద దర్జీ వీరభద్రయ్య, "కుట్టులో తప్పులేదు తల్లీ, తప్పు తమ భుజానిది. దానికే పలక కట్టి పైకి లాగుదాం," అన్నాడు.

చారుశీల తలదించుకుంది.

ఆ సాయంత్రం మేడ మీది నుంచి వీధిలోకి చూస్తే కావడివాడొకడు పోతున్నాడు. భుజం తనలాగే వంగి ఉంది, అంగీ మాత్రం జారలేదు. పిలిపించి అడిగితే, "మా ఇంటిది కుట్టిందమ్మా," అన్నాడు అప్పన్న.

పైడమ్మ వచ్చింది. కుడి భుజం కొలిచింది. తరవాత ఎడమ భుజం కొలిచింది. యువరాణికి కళ్లు చెమర్చాయి. అంతవరకూ ఆ భుజాన్ని కొలిచినవాళ్లు లేరు.

"ఒక్కసారికే కుదరదమ్మా. రెండు పాడవుతాయి, మూడోది నిలుస్తుంది. ముందే చెబుతున్నాను," అంది పైడమ్మ.

అలాగే రెండు పాడయ్యాయి.

మూడోది తొడుక్కుని యువరాణి నిండు సభలో ఖడ్గం ఎత్తింది. పినతండ్రి ఆ భుజం వంకే రెప్పవేయకుండా చూశాడు. అంగీ జారలేదు.

రాణి అయ్యాక ఆమె వీరభద్రయ్యను పిలిచి, "మీ భుజాలు రెండూ కొలుచుకోండి," అంది. పైడమ్మ సాయం పట్టగా కొలుచుకున్నాడు. ఏళ్ల తరబడి కత్తెర పట్టిన కుడి భుజం రెండు వేళ్లు కిందికి ఉంది. ఆయన ఇంటికి వెళ్లి, మడిచిపెట్టిన గుడ్డ విప్పి పరిచాడు.

మనిషికి తగ్గట్టు గుడ్డను కోయాలి గాని, గుడ్డకు తగ్గట్టు మనిషిని వంచకూడదు.