గంధం అంటిన చీమ

తస్బీ పోయి నాలుగు రోజులైంది. ఎవరు తీశారో ఇమాంవలికి తెలుసు. తెలుసుననే అనుకున్నాడు.

అది హజ్రత్ లతీఫ్ షాకు ఆయన గురువు ఇచ్చిపోయిన నల్లపూసల జపమాల. నమాజు గదిలో గూట్లో ఉండేది. గుత్తి కొండ కిందున్న ఆ ఇంట్లో హజ్రత్ దగ్గర ఎనిమిదిమంది శిష్యులు. ఇమాంవలితో సహా ఏడుగురు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు. ఎనిమిదోవాడు గైబుసా. ఆదోని వైపు నుంచి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. మాట తక్కువ. తన మూటను తలకిందే పెట్టుకుని పడుకుంటాడు. సాయంత్రం కొండవైపు ఒక్కడే వెళ్తాడు, ఎందుకో చెప్పడు.

ఇమాంవలి రెండుసార్లు వెంట వెళ్లాడు. మొదటిసారి రాళ్ల మధ్య మనిషి కనపడకుండా పోయాడు. రెండోసారి గైబుసా ఒక బండమీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఏమీ చేయకుండా కూర్చోవడం ఇమాంవలికి ఇంకా అనుమానం కలిగించింది.

ఐదోరోజు పొద్దున్నే హజ్రత్ గదిలోకి వెళ్లాడు. ఆయన కిటికీ పక్కన చీమల పెట్టె ముందు కూర్చుని ఉన్నారు. రెండు అద్దపు పలకలను చెక్క చట్రంలో బిగించి, మధ్యలో మట్టి పోసి, చీమలు బయటికి పోకుండా నీళ్ల పళ్లెంలో నిలబెట్టిన పెట్టె అది. చీకటిగా ఉండాలని పైన నల్లగుడ్డ. గుడ్డ తీస్తే గండుచీమల దారులు, గుడ్లున్న గదులు, అడుగున రాణి. వాటికి బెల్లం నీళ్లు, చచ్చిన మిడతలు పెట్టేది ఇమాంవలే. మూడేళ్లుగా ఆ పని అతనిదే.

"గైబుసాను పంపించేయండి హజ్రత్" అన్నాడు.

"తీస్తా ఉంటే చూసినావా?"

"చూడలేదు. కానీ అందరికీ అట్లనే అనిపిస్తా ఉంది."

"అందరికీ మొదట చెప్పిందెవరు?"

ఇమాంవలి తల దించుకోలేదు. "నేనే. జాగ్రత్తగా ఉండండని చెప్పినా."

 హజ్రత్ నల్లగుడ్డ పైకెత్తారు.

"ఇందులో నీకు అనుమానమున్న చీమ ఉందా?"

తమాషాకు అడిగారేమోనని ఇమాంవలి ఆయన ముఖం చూశాడు. కాదు. నిజానికి ఒక చీమ మీద అతని కన్ను పడే ఉంది. మూడు రోజులుగా అది పై మూలన ఒంటరిగా ఉంటోంది. మేత దగ్గరికి రాదు, గుడ్లు మోయదు.

"ఇదిగో, ఇది. మన చీమ కాదేమో. మొన్న పళ్లెంలో పుల్ల పడింది. దాని మీద ఎక్కి బయట నుంచి వచ్చింటాది."

"అయితే గుర్తు పెట్టు, మళ్లీ తప్పిపోకుండా."

హజ్రత్ గంధం గిన్నె ముందుకు జరిపారు. ఇమాంవలి చీపురు పుల్ల కొనను గంధంలో ముంచి, చట్రం పైనున్న రంధ్రంలోంచి జాగ్రత్తగా దించి, ఆ చీమ వీపు మీద చిన్న చుక్క పెట్టాడు.

అటుగా వస్తున్న చీమ ఒకటి ఆగింది. మీసాలతో దాన్ని తడిమి వెనక్కి తగ్గింది. మళ్లీ తడిమింది. ఇంకో రెండు వచ్చాయి. కాసేపట్లో ఆరేడు చుట్టూ చేరాయి. ఒకటి దాని కాలు పట్టుకుని లాగింది, ఇంకొకటి మీసం కొరికింది.

"చూసినారా హజ్రత్? నేను చెప్పలే? బయటిదే."

"నీకు తెలుసంటావు" అన్నారు హజ్రత్ మెల్లగా. "సరే, ఇక్కడిదేనని నీకు బాగా తెలిసినదాన్ని ఒకటి చూపించు."

అదేం కష్టం కాదు. రాణి దగ్గర, ఒక కాలు సగం తెగిన చీమ ఒకటి ఉంది. ఎప్పుడూ రాణి నోటికి మేత అందిస్తూ ఉంటుంది. నెలల తరబడి ఇమాంవలి దాన్ని చూస్తున్నాడు. అది మేతకోసం పైకి వచ్చేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. వచ్చాక హజ్రత్ పుల్ల అందుకుని, అదే గంధం, అంతే చుక్క, దాని వీపు మీద పెట్టారు.

అది బెల్లం నీళ్లు కడుపు నిండా తాగి కిందికి బయలుదేరింది. మొదటి మలుపులో ఒక చీమ దాన్ని ఆపింది. తడిమింది. తర్వాత ఇంకొకటి. అది నోరు తెరిచి మేత అందించబోయింది. ఏ చీమా తీసుకోలేదు. నాలుగు చీమలు దాని కాళ్లు నాలుగు వైపులా పట్టుకుని పెట్టె పై అంచు వైపు ఈడ్చాయి.

ఇమాంవలి చెయ్యి తనకు తెలియకుండానే అద్దం మీదికి వెళ్లింది.

హజ్రత్ ఈకతో రెండింటినీ పైకి తీసి, వేరే గిన్నెలో తడిదూది మీద పెట్టారు. మూలన ఉన్న చీమ కదిలింది. రెండోది చాలాసేపు కదల్లేదు. తర్వాత మీసాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"మళ్లీ లోపలికి రానిస్తాయా?" అని అడిగాడు ఇమాంవలి.

"వాసన పోవాల."

"ఎన్నాళ్లకు పోతాది?"

"పెట్టడం వచ్చు నాకు. పోగొట్టడం తెలీదు" అన్నారు హజ్రత్. పెట్టె మీద నల్లగుడ్డ కప్పేశారు.

మధ్యాహ్నం వరండాలో పొడవాటి గుడ్డ పరిచి అందరికీ కంచాలు పెట్టారు. ఒక కొసన గైబుసా. అతని పక్కన ఇద్దరు కూర్చునేంత జాగా వదిలి మిగతావాళ్లు ఒత్తుగా సర్దుకుని ఉన్నారు. నాలుగు రోజులుగా ఇదే వరస. ఇన్నాళ్లూ ఇమాంవలికి అది కనపడలేదు.

అతను కంచం తీసుకుని వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాడు. కూర్చుంటూనే చూపు గైబుసా పక్కనున్న మూట మీదికి పోయింది. బలవంతాన తిప్పుకున్నాడు.

గైబుసా తినడం ఆపి అతని వైపు చూశాడు.

"ఏం కావాల?"

"ఏం లేదు. అన్నం తిందామని."

గైబుసా నమ్మలేదు. కంచాన్ని ఒళ్లోకి లాక్కుని తిన్నాడు. ఇమాంవలి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోవైపు కూర్చున్నది పీరుసా, పన్నెండేళ్లుగా స్నేహితుడు. అతను ఇమాంవలిని, గైబుసాను మార్చి మార్చి చూశాడు. తన కంచాన్ని జానెడు దూరం జరుపుకున్నాడు.