గంగి చేసిన తప్పులు

దాలినాయుడు మాస్టారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు కత్తిపీట, క్యాబేజీ గంప చూపించేవారు. "తరుగుతూ ఉండు, ఆలోచిద్దాం" అనేవారు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ జలజంతుశాలలో ముప్పై ఏళ్లుగా జంతువులకు పాఠాలు చెబుతున్న మనిషి ఆయన. ఆయన దగ్గర చేరినవాళ్లకు మొదట వచ్చే విద్య క్యాబేజీ తరగడమేనని అక్కడి వాళ్ల వేళాకోళం.

ఆ రోజు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నూకరత్నం కత్తిపీట ముందు కూర్చుని అడిగింది. "మాస్టారూ, మన గంగికి బుర్ర తక్కువంటారా?"

గంగి అంటే మనాటీ. మన సముద్రాల్లో తిరిగే కడలి ఆవుకి దూరపు చుట్టం, పరాయి దేశం నుంచి వచ్చింది. గేదెను మించిన ఒళ్లు, మూతినిండా మీసాలు, పూటకో గంపెడు ఆకు నమిలే సాధుప్రాణి. తోడుగా ఉన్న ఇంకోదాన్ని కిందటేడు వేరే ఊరికి పంపేశాక పెద్ద కొలనులో ఇదొక్కత్తే మిగిలింది.

దాని పాఠం చిన్నదే. నీళ్లలో రెండు పలకలు వేలాడదీస్తారు. ఒకదానిమీద నల్లగీతలు, రెండోది ఉత్త తెలుపు. గీతల పలకను మూతితో తాకితే బీట్‌రూట్ ముక్క దొరుకుతుంది. తెల్లపలకను తాకిందంటే నూకరత్నం తానే నీళ్లలోకి దిగి, దాని ముందురెక్క పట్టుకుని, నెమ్మదిగా గీతల పలక దాకా నడిపించేది. ఈ పద్ధతి మాస్టారు చెప్పింది కాదు, ఆమె సొంతం. చిన్నప్పుడు వాళ్ల తాత బియ్యప్పళ్లెంలో ఆమె వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. పిల్లకైనా పశువుకైనా చెయ్యి పట్టి దిద్దిస్తేనే చదువొస్తుందని ఆమె గట్టి నమ్మకం.

మొదటి నెల గంగి పదింట ఎనిమిది ఒప్పులు చేసింది. రెండో నెలకి అయిదయ్యాయి. ఇప్పుడు రెండు వస్తే గొప్ప. శుక్రవారం డైరెక్టరుగారు వచ్చి పరీక్ష చూస్తారు. చూడవచ్చిన జనానికి పాఠం చేసి చూపించలేని జంతువుకి పెద్ద కొలను దండగ, వెనక తొట్టికి మార్చేద్దామని ఆఫీసులో అప్పటికే అనేసుకున్నారు. ఆ తొట్టిలో గంగి ఇటునుంచి అటు తిరగాలంటే తోక గోడకి కొట్టుకుంటుంది.

"దిద్దించి దిద్దించి నా చేతులు నానిపోయాయి మాస్టారూ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఆ తొట్టిలో పడేస్తే అది దిగులుతో చచ్చిపోతుంది."

మాస్టారు కొలను వైపు చూశారు. "రేపు అది తప్పు చేస్తే నువ్వు నీళ్లలోకి దిగకు. మెట్టుమీదే కూర్చో" అన్నారు.

"మరి దిద్దించేదెవరండీ?"

"ఎవరూ వద్దు."

మర్నాడు గంగి యథాప్రకారం తెల్లపలకను తాకింది. తాకి, మెట్లవైపు తిరిగి ఆగింది. నూకరత్నం కదల్లేదు. గంగి మళ్లీ వెళ్లి అదే తెల్లపలకను ఈసారి కాస్త గట్టిగా తాకింది. ఆ తర్వాత వచ్చి, అడుగుమెట్టుకి మూతి ఆనించి అలాగే ఉండిపోయింది. బీట్‌రూట్ కోసం మారాం చేస్తోందనుకుంది నూకరత్నం. దిగాలని ప్రాణం కొట్టుకున్నా మాస్టారి మాట కోసం బిగబట్టుకు కూర్చుంది. ఆ పూట చివరికి మూడు ఒప్పులు వచ్చాయి. బుధవారం ఏడు. గురువారం పదికి పది. నవ్విన నాపచేనే పండిందని ఆమె ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి చెప్పి వచ్చింది.

శుక్రవారం డైరెక్టరుగారి ఎదుట కూడా గంగి ఒక్కటీ తప్పలేదు. ఆయన ముచ్చటపడి, "ఇంత తొందరగా ఎలా దారిలో పెట్టావమ్మా?" అని అడిగారు.

"నేను నీళ్లలోకి దిగడం మానేశానండీ, అంతే" అంది నూకరత్నం గర్వంగా.

"అయితే ఇకమీదట ఎవరూ దిగొద్దు. రూలు పెట్టేయండి" అన్నారాయన వెంట ఉన్న గుమాస్తాతో. పెద్ద కొలను గంగిదేనని కూడా అక్కడే చెప్పి వెళ్లిపోయారు.

అందరూ వెళ్లాక, రూలు ఇంకా రాయలేదు కదా అని, పలకలు విప్పడానికి నూకరత్నం నీళ్లలోకి దిగింది. ఆమె కాళ్లు అడుగున ఆనాయో లేదో, గంగి నోట్లో ఉన్న బీట్‌రూట్ ముక్క వదిలేసి వచ్చేసింది. తన ముందురెక్క తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది. పెట్టి, తానే ముందుండి, ఆమెను నెమ్మదిగా గీతల పలక దాకా తీసుకెళ్లింది. అక్కడ ఆగి ఆమె భుజానికి మూతి ఆనించింది.

నూకరత్నానికి అప్పుడు అర్థమైంది. ఒప్పు చేస్తే దుంపముక్క, తప్పు చేస్తే తోడు. ఒంటరిది రెండోదాన్నే కోరుకుంది. బుర్ర తక్కువదని తాను అన్నది దీన్ని. ఈ చేతిని ఇక అందనివ్వకుండా చేసిందీ తన నోటిమాటే.

గట్టుమీద మాస్టారు నిలబడి ఉన్నారు. "మీకు ముందే తెలుసా?" అని అడిగింది, ఏడుపు ఆపుకోలేక.

"అనుమానం ఉంది. చెబితే నువ్వు దిగకుండా ఉండగలిగేదానివా? నిన్న మొన్నటి దాకా తొట్టి గురించే కదా మన భయం."

"మరి ఇప్పుడు దీనికి ఎవరున్నారు మాస్టారూ?"

మాస్టారు ఆ రోజు క్యాబేజీ గంప చూపించలేదు. గంగి వైపు చూడకుండా అన్నారు.

"నా చేతికింద తప్పులు మానేసిన జంతువులు చాలా ఉన్నాయమ్మా. అన్నీ బాగా నేర్చుకున్నాయనే రిజిస్టర్లో రాశాను."