పురిటిగదిలో చూసినవాడు

కందనపురి రాజు కొలువులో మంత్రసాని నూకాలమ్మ పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. నేరం రుజువైతే పొద్దుగూకేలోగా రాజ్యం విడిచి పోవాలి.

నేరం మోపింది రాజవైద్యుడు విశ్వంభరుడు. అంతఃపురంలో తన మందుల కన్నా ఆమె కషాయాలకే గిరాకీ పెరగడం ఆయనకు కంటగింపుగా ఉంది. రాణిగారి కాన్పప్పుడు నూకాలమ్మ బిడ్డ నాలుకకు నల్లమందు రాసిందట. బాబు పొద్దస్తమానం నిద్రపోయేది అందుకేనట.

"ఎవరు చెప్పారు?" అన్నాడు రాజు.

"నమ్మకమైన మనిషి, ప్రభూ! పేరు బయటపెడితే ఆ మనిషి ప్రాణానికే ముప్పు."

పేరే లేని మనిషితో వాదించేదెలా? అయినా నూకాలమ్మ చేతులు జోడించింది.

"పేరు నాకొద్దు బాబయ్యా. ఆ మనిషి కళ్లారా చూశాడా, ఎవరో చెప్పగా విన్నాడా? అదొక్కటీ చెప్పండి."

"విన్న మాట పట్టుకుని కొలువుకొస్తానా? ఆ గదిలోనే, మూరెడు దూరంలో ఉండి చూసిన మాట!" అని గర్జించాడు వైద్యుడు.

అప్పుడు నూకాలమ్మ కాళ్లు కుదురుకున్నాయి.

"మహాప్రభో, తలుపు వేసిన ఆ గదిలో ఉన్నది ముగ్గురమే. నేను, రాణమ్మగారు, అప్పుడే పుట్టిన చినబాబు. నేనైతే చెప్పలేదు."

"నేనూ చెప్పలేదు," అంది తెర వెనక నుంచి రాణి.

రాజు మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

"అయితే చెప్పింది మావాడే. విశ్వంభరా, వాడు నా ఎదుట ఆ మాట మళ్లీ చెప్పేదాకా నువ్వు ఉయ్యాల ఊపుతూ కూర్చో."

ఏడాది దాటాక చినబాబు తొలిసారి నోరు విప్పాడు. ఉయ్యాల ఊపుతున్న వైద్యుణ్ణి చూసి, "తాత" అన్నాడు.