ఊరంతా ఒప్పుకున్న తీర్మానం

మూడు రూకలతో పుచ్చగింజలు కొని, ఏటి మధ్య ఎవరూ లేని లంకలో ఒంటరిగా సాగు చేశాడు కొండ్రయ్య. కాయలు పండేవేళకి, ఒక్కడి కోసం లంకకి పడవెందుకని ఊరిపెద్దలు దాన్ని ఆపేశారు. "ఊరంతా కూడి ఒప్పుకున్న తీర్మానం" అని దండోరా వేయించారు.

కొండ్రయ్య ఏరు ఈదొచ్చి, మూసిన చావడి తలుపు తట్టాడు. "ఆ తీర్మానం చూపించండయ్యా."

"నీకెందుకురా? ఊరంతా ఒప్పుకుంది," అన్నాడు పెద్దకాపు లోపలినుంచి.

"ఆ ఊరిలో నన్నూ లెక్కేశారా?"

"లంకవాడివి, నిన్నెందుకు లెక్కేస్తాం?"

"అయితే నేను ఊరికి పన్ను కట్టక్కర్లేదు."

పెద్దకాపు తడబడ్డాడు. "లెక్కేశాంలేరా."

"మరి నేనేమని ఒప్పుకున్నానో చదివి వినిపించండి."

"పడవ నడిపిస్తాం. ఇక వెళ్లు."

"తలుపు తియ్యండయ్యా. ఊరివాణ్ణయ్యాక మిగతా తీర్మానాలూ వినాలిగా."

గడియ తీసిన చప్పుడైంది. కొండ్రయ్య వెనక్కి చూశాడు. వీధిలో తోడొచ్చేవాడు ఒక్కడూ లేడు. తడిపంచె పిండుకుని, గడప దాటడానికి కాలెత్తాడు.